సర్ఫ్ క్యాంపుకి వెళ్లి సాయంత్రం పార్టీలు ఎగ్గొడితే ఒంటరేనా? (వెలిగామ, శ్రీలంక)

అలలపిల్ల
వెలిగామ సర్ఫ్ క్యాంపు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. అల మీద లేచి నిలబడ్డ సంతోషం ఇంకా ఒంట్లోనే ఉంది. క్యాంపు తీరు మీద చిరాకు కూడా అలాగే ఉంది. పేరు రాయను. ప్యాకేజీలో రోజుకి రెండు క్లాసులు, యోగా, "అందరం కలిసే సాయంత్రాలు" అని ఉంది. వెళ్లిన రోజు వెల్‌కమ్ డ్రింక్స్, మర్నాడు బీర్ ఆటలు, ఆ తర్వాత మిరిస్సా బీచ్‌లో డాన్సులు, అలా వారమంతా అదే వరస. నేను తాగను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు కూడా. కానీ రాత్రి వెళ్లినవాళ్లంతా తెల్లారేసరికి ఒక జట్టు అయిపోయేవారు. టిఫిన్ దగ్గర వాళ్ల కబుర్లు వాళ్లవి, నేను ఫోన్ చూసుకుంటూ కూర్చోవడమే.

అసలు కోపం వేరే ఉంది. ఆరింటి క్లాసుని ఒకటికి రెండుసార్లు ఎనిమిదిన్నరకి జరిపారు, సగం మంది లేవలేదని. ఆ వేళకి బే (ఒడ్డు వంపులోని సముద్రం) నిండా బోర్డులే, ఎవరు ఎవరి మీద పడతారో తెలీదు.

ఫిబ్రవరిలో మా చెల్లిని తీసుకుని మళ్లీ వెళ్దామనుకుంటున్నా. దానికి ఇదే మొదటిసారి. అన్ని క్యాంపులూ ఇంతేనా? సాయంత్రాలకి వెళ్లకుండా హాయిగా సర్ఫింగ్ చేసుకుని వచ్చినవాళ్లు ఉన్నారా?

విశాఖ_తీరం
క్యాంపు అంటేనే గుంపు కదండీ. గుంపు వద్దనుకుంటే వెలిగామ బీచ్‌లో బోర్డులు అద్దెకిచ్చేవాళ్లు వరసగా ఉంటారు. గంట లెక్కన కోచ్‌ని మాట్లాడుకుని పక్క గెస్ట్‌హౌస్‌లో దిగండి, ఖర్చు బాగా తగ్గుతుంది. పార్టీ కోసం వచ్చినవాళ్లు పార్టీ చేసుకుంటే వాళ్ల తప్పేముంది?

అలలపిల్ల
వాళ్ల తప్పని నేను అనలేదండీ. ఆరింటికి వస్తే చాలని చెప్పి డబ్బు కట్టించుకున్నాక, ఆరింటికి వచ్చి ఒడ్డున నిలబడ్డవాళ్లకి క్లాసు పెట్టాలా వద్దా?

పప్పుచారు
ఆ మాటకి నా ఓటు మీకే.

నైట్‌షిఫ్ట్_రాజు
నేను రెండో వైపు నుంచి మాట్లాడతా. ఒక్కణ్ణే వెళ్లా. పదిమంది తెలియనివాళ్ల మధ్య నాకు గొంతు పెగలదు. ఆ పిచ్చి ఆటలు లేకపోతే వారమంతా ఎవరితోనూ నాలుగు ముక్కలు మాట్లాడేవాణ్ణి కాదు. నేనూ తాగను. చేతిలో జింజర్ బీర్ సీసా పట్టుకుని తిరిగా. శ్రీలంకలో అది చిన్నపిల్లలు కూడా తాగే కూల్‌డ్రింకు, మద్యం ఉండదు. ఎవరూ తేడాగా చూడలేదు. పదింటికి గుడ్‌నైట్ చెప్పి వచ్చి పడుకునేవాణ్ణి. అలా ఓ గంట కూర్చుని వస్తే సరిపోతుంది కదా అక్కా?

అలలపిల్ల
మొదటి రెండు రోజులు అదే చేశా తమ్ముడూ. నేను లేచి వచ్చాకే అసలు కబుర్లు మొదలయ్యేవి :)

దక్షిణతీరం
వెలిగామకి దగ్గర్లోని అహంగామలో గది తీసుకుని సీజనంతా అక్కడి నుంచే ఆఫీసు పని చేసినవాణ్ణి. వెలిగామ, మధ్యలో ఉన్న మిడిగామ రెండూ రోజూ చూసేవాణ్ణి. కాస్త వివరంగా రాస్తా.

అక్కడ "సర్ఫ్ క్యాంపు" అని రాసి ఉన్న ప్రతిదీ ఒకే రకం వ్యాపారం కాదు. కొన్ని అసలు హాస్టళ్లు. వాటి రాబడి బార్ మీద, సర్ఫింగ్ అనేది మనుషుల్ని రప్పించడానికి. మీరు దిగింది అలాంటిదే అయ్యుంటుంది. కొన్ని ఖరీదైన కోచింగ్ క్యాంపులు. గుంపు చిన్నది, రోజూ వీడియో తీస్తారు, రాత్రి తొమ్మిదిన్నర దాటితే వరండాలో మనిషి కనపడడు.

ఇవి కాక ఊరి కుటుంబాలు నడిపేవి ఉన్నాయి. నాకు బాగా నచ్చినవి అవే. మేడ మీద మూడు నాలుగు గదులు మనకి, కింద వాళ్ల కాపురం. అమ్మ వంట చేస్తుంది, అన్నదమ్ములు సర్ఫింగ్ నేర్పుతారు. నేను రోజూ భోజనానికి వెళ్లిన ఇంట్లో వంటగది గోడకి ఒక తెల్ల బోర్డు ఉండేది. రాత్రి భోజనాలయ్యాక పెద్దబ్బాయి ఫోన్లో గాలి, పోటు, అల ఎత్తు చూసుకుని మర్నాటి టైము దాని మీద రాసేవాడు. ఆ టైముకి వ్యాన్ కదలాల్సిందే. ఎక్కనివాడు ఇంట్లో ఉంటాడు, అంతే. ఒకసారి ఒక కుర్రాడు చెప్పులు చేత్తో పట్టుకుని సందు చివరిదాకా పరిగెత్తుకొచ్చాడు, అయినా వ్యాన్ ఆగలేదు. మర్నాడు అందరికన్నా ముందు వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు!

బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి: పొద్దున్న మొదటి క్లాసు ఎన్నింటికి, ఒక కోచ్‌కి ఎంతమంది? కొత్తవాళ్లయితే ఒక కోచ్‌కి నలుగురు దాటకూడదు. జవాబులో అంకెలు లేకుండా "మా దగ్గర వైబ్ బాగుంటుంది" అని వచ్చిందంటే మీకు సరిపడే చోటు కాదు. వాళ్ల పేజీలో ఫొటోలు కూడా చూడండి. పగటి ఫొటోలు ఎక్కువా, రాత్రివా?

పప్పుచారు
ఫొటోల చిట్కా భలే ఉంది. ఇంక నేను పెళ్లి కేటరర్‌ని కూడా ఇలాగే ఎంచుకుంటా.

కాకినాడ_డాక్టరమ్మ
పార్టీ మంచిదా చెడ్డదా అన్న చర్చలో అసలు ప్రమాదం ఎవరూ ఎత్తలేదు. రాత్రి బాగా తాగి, సరిగ్గా నిద్రపోకుండా, పొద్దున్నే సముద్రంలో దిగడం సరదా వ్యవహారం కాదు. ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, చురుకు తగ్గుతుంది, పైన ఎండ. సర్ఫింగ్‌లో కొత్తవాళ్లకి దెబ్బలు ఎక్కువగా తగిలేది సొంత బోర్డు వల్లే. పడ్డాక పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకోవాలని మొదటి రోజే నేర్పుతారు. మత్తు దిగని మనిషికి ఆ క్షణంలో అది గుర్తుండదు. అతని బోర్డు పక్కవాళ్లకి కూడా తగులుతుంది, వాళ్లు ఏ పాపమూ ఎరగరు.

క్లాసు ఎనిమిదిన్నరకి జరపడం కన్నా, ఆ స్థితిలో వచ్చినవాళ్లని "ఈ పూట మీకు లేదు" అని ఒడ్డునే ఆపాలి. మంచి కోచ్ ఆపుతాడు.

దక్షిణతీరం
డాక్టరు గారూ, నూటికి నూరు పాళ్లు. నాకు తెలిసిన ఒక కోచ్ కళ్లు చూసి వెనక్కి పంపేసేవాడు. యజమాని ఒప్పుకోవాలి కదా, అక్కడే చిక్కు.

విశాఖ_తీరం
సరే, డాక్టరు గారి మాట తీసిపారేసేది కాదు. ఆ పాయింటు ఒప్పుకుంటున్నా. పార్టీలే వద్దనే మాట మాత్రం ఒప్పుకోను.

ముల్కి_చెల్లెమ్మ
అలలపిల్ల గారూ, మీకు శ్రీలంకే ఎందుకు? కర్ణాటకలో మంగళూరు దగ్గర ముల్కి ఉంది. అక్కడి మంత్ర సర్ఫ్ క్లబ్ 2004లో మొదలైంది, మన దేశంలో సర్ఫింగ్ నేర్పడం మొదలుపెట్టిన తొలి చోట్లలో ఒకటి. ఆశ్రమం పద్ధతి. మద్యం, సిగరెట్లు, మాంసం ఉండవు. బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి అక్కడ ఉంటాం.

సాయంత్రాలు ఎలా ఉంటాయంటే, శాంభవి నదిలో పడవ వేసుకుని తిరగడం, బల్ల చుట్టూ కూర్చుని భోంచేయడం, ఎవరెవరు ఎన్ని అలలు పట్టారో చెప్పుకోవడం. ఎనిమిదిన్నరకే నిద్ర ముంచుకొస్తుంది, ఎందుకంటే చేతులతో నీళ్లు తోసీ తోసీ భుజాలు పడిపోయి ఉంటాయి. నాకు ఇప్పటికీ మాట్లాడుకునే స్నేహితులు అక్కడే దొరికారు. పార్టీ లేకపోతే పరిచయాలు కావన్న రాజు గారి మాట నా విషయంలో నిజం కాలేదు.

నైట్‌షిఫ్ట్_రాజు
మీరు అందరిలో కలిసిపోయే మనిషి అయ్యుంటారు అక్కా. మాలాంటివాళ్లకి ఏదో ఒక వంక కావాలి.

ముల్కి_చెల్లెమ్మ
వంక ఉండాలి, ఒప్పుకుంటా. అది మందే కానక్కర్లేదు అంటున్నా.

చెన్నై_తెలుగోడు
ముల్కి అన్నారు కాబట్టి కోవళం కూడా చెప్పాలి. కేరళ కోవళం కాదు, చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలో ఉన్నది. జాలరి కుటుంబం నుంచి వచ్చిన మూర్తి మేగవన్ 2012లో అక్కడ సర్ఫ్ స్కూల్ మొదలుపెట్టాడు. ఊరి కుర్రాళ్లే కోచ్‌లు అయ్యారు. వాళ్లు అలని చదివే తీరు చూడాలి. మనకి ఏమీ లేనట్టు కనిపించే నీళ్లలో "మూడోది మంచిది, దానికి వెళ్దాం" అంటారు, మూడోది నిజంగానే మంచిది వస్తుంది. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్ పక్కనే మహాబలిపురంలో జరిగింది, రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడు. వ్యక్తిగత పోటీలో ఒక భారతీయుడికి ఆ స్థాయి పతకం అదే మొదటిది. ఆ రోజు ఒడ్డున జనం అరుపులకి నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

క్లాసుకి వచ్చి క్లాసయ్యాక ఇంటికి పోవచ్చు. సాయంత్రాల గొడవే లేదు.

అలలపిల్ల
ముల్కి, కోవళం రెండూ రాసిపెట్టుకున్నా. ఫిబ్రవరిలో శ్రీలంకే ఎందుకంటే చెల్లికి పాస్‌పోర్ట్ కొత్తగా వచ్చింది, దాని మీద ముద్ర పడాలని ఒకటే గోల. పైగా వెలిగామ బేలో కింద ఇసుకే, అల నెమ్మది. మొదటిసారి దిగేదానికి భయం ఉండదు.

దక్షిణతీరం
ఫిబ్రవరి సరైన నెలే. దక్షిణ తీరానికి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సీజన్. తర్వాత నైరుతి గాలులకి అక్కడ సముద్రం చెడుతుంది, అందరూ తూర్పున అరుగం బేకి మారతారు. ఒక కోచ్ అన్నదమ్ములు బోర్డులన్నీ వ్యాన్ మీద కట్టుకుని ఏటా అలా మారడం నేను చూశా.

సాదాసీదా
శాకాహారులు ఎవరైనా వెళ్లారా? తిండి సంగతి చెప్పండి. క్యాంపులో బార్బెక్యూ రాత్రి అంటే మనకి మొక్కజొన్న కంకేనా?

కోనసీమ_కొబ్బరి
సాదాసీదా గారూ, తిండికి దిగులే లేదు. అన్నంతో పాటు నాలుగైదు కూరలు పెడతారు. కొబ్బరిపాలతో పప్పు, బీట్‌రూట్, గుమ్మడి, లేత పనస కూర, సరస్వతి ఆకుతో పచ్చడిలాంటిది. పొద్దున్న అప్పం, ఇడియాప్పం. ఒక్క జాగ్రత్త చాలు. ఉంబలకడ అని ఎండు చేప పొడి ఉంటుంది, కొబ్బరి సంబోల్‌లోనూ కొన్ని కాయగూరల్లోనూ రుచికి వేస్తారు. కంటికి కనపడదు. ముందే "ఉంబలకడ వద్దు" అని చెబితే విడిగా చేసి పెడతారు, మొహం చిట్లించుకోరు.

ఇంకో సంగతి. మా క్యాంపులో ఒక సాయంత్రం వంట క్లాసు పెట్టారు. ఆ ఇంటావిడ కొబ్బరి కోరు పీట తెచ్చి ముందు పెట్టింది, మన ఇళ్లలో ఉండేలాంటిదే. జర్మనీ నుంచి వచ్చినవాళ్లు, ఇజ్రాయెల్ వాళ్లు ఒక్కొక్కరూ కూర్చుని చిప్ప ఎలా పట్టుకోవాలో తెలీక తంటాలు పడుతున్నారు. నా వంతు వచ్చింది. చిన్నప్పటి నుంచి చేసిన పనే కదా, చిప్ప తిప్పుకుంటూ నల్ల పెంకు రాలకుండా తెల్లగా కోరి పెట్టేశా. ఆవిడ చిప్ప లోపల వేలుపెట్టి రాసి చూసుకుని, ఏమీ మిగల్లేదని నవ్వి, రెండో కాయ కూడా నా చేతిలోనే పెట్టింది. ఆ రాత్రి నుంచి వాళ్ల వంటింట్లోకి నాకు సరాసరి ప్రవేశం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు సింహళం రాదు. అయినా పనులు జరిగిపోయాయి. వచ్చేటప్పుడు నా ఆవకాయ సీసా అక్కడే వదిలేసి వచ్చా.

సాయంత్రాల కార్యక్రమాలు ఎగ్గొట్టమని నేను చెప్పను. ఇలాంటివి వెతుక్కోండి.

పప్పుచారు
ఆవకాయ వదిలేసి వచ్చారంటే అది మామూలు స్నేహం కాదు.

అలలపిల్ల
కొబ్బరి గారూ, ఇదే నాకు కావలసింది! ఇలాంటి సాయంత్రాలు ఇంకేం ఉంటాయి?

కోనసీమ_కొబ్బరి
మాకు వీడియో రాత్రి కూడా ఉండేది. పొద్దున్న తీసిన క్లిప్పులు గోడ మీద వేసి కోచ్ ఒక్కొక్కటి ఆపి చెబుతాడు: ఇదిగో ఇక్కడ చూపు కిందకి పోయింది, అందుకే పడ్డావు. ఇక్కడ వెనక కాలు సగమే వచ్చింది. ఒకరు పడుతుంటే అందరూ "అయ్యో" అంటారు, నిలబడితే చప్పట్లు. పేర్లు గుర్తుండనివాళ్లు కూడా అక్కడ దగ్గరైపోతారు, ఎందుకంటే మర్నాడు నీళ్లలో "నీ చూపు పైకి, పైకి" అని ఒకరికొకరు అరుచుకుంటారు. బీచ్ శుభ్రం చేసే రోజు కూడా ఒకటి ఉండేది, ఊరి పిల్లలు వచ్చేవాళ్లు.

విశాఖ_తీరం
ఇది బాగుంది. ఇలాంటివి పెడితే నేనూ వస్తా.

రీఫ్‌రావు
క్యాంపుల "సామూహిక కార్యక్రమాల్లో" ఒకదాని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. వారం చివర్లో మిడిగామ ట్రిప్ పెడతారు. లేజీ లెఫ్ట్, లేజీ రైట్, కోకోనట్స్ అని అక్కడ అలలకి పేర్లు. కింద ఇసుక కాదు, రీఫ్, అంటే నీళ్ల కింద రాళ్లు. నాలుగు రోజుల అనుభవం ఉన్న పదిమందిని వ్యాన్‌లో దించి, గ్రూప్ ఫొటో తీసి లోపలికి పంపిస్తారు. ఒక అల మీద ఒకరే వెళ్లాలని, అల విరిగే చోటుకి దగ్గరగా ఉన్నవాళ్లదే ఆ అల అని వాళ్లకి ఎవరూ చెప్పరు. పొద్దున్నే పనికి ముందు ఒక గంట సర్ఫింగ్ చేసుకుందామని వచ్చిన ఊరి కుర్రాళ్లకి నీళ్లలో చోటుండదు. వాళ్లు కసిరితే "లోకల్స్ మంచివాళ్లు కాదు" అని రివ్యూలు.

మిడిగామ వెళ్లొద్దని కాదు. ఇద్దరు ముగ్గురుగా, కోచ్ పక్కన ఉండగా, నియమం తెలుసుకుని వెళ్లండి.

నైట్‌షిఫ్ట్_రాజు
రావు గారూ, డబ్బు కట్టి వచ్చినవాళ్లకి ఆ మాత్రం హక్కు ఉండదా? సముద్రం అందరిదీ.

రీఫ్‌రావు
సముద్రం అందరిదే. అల మాత్రం ఆ క్షణంలో ఒక్కరిదే. ఇద్దరెక్కితే ఇద్దరూ పడతారు, కింద రాయి ఉంది.

చెన్నై_తెలుగోడు
కోవళంలో కూడా మొదటి పాఠం ఇదే. రావు గారితో ఏకీభవిస్తున్నా.

గుంటూరు_గీత
ఆడపిల్లలు ఇద్దరే వెళ్తున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తా. నేను ఒక్కదాన్నే వెళ్లా. బట్టల గురించి టెన్షన్ పెట్టుకోవద్దు. ఫుల్ హ్యాండ్స్ రాష్‌గార్డ్ (నీళ్లలో వేసుకునే బిగుతు టీషర్టు), మోకాళ్ల కింద దాకా లెగ్గింగ్స్ వేసుకుంటే ఎండకీ మంచిది, బోర్డు రాపిడికి పొట్ట, మోకాళ్లు ఒరుసుకుపోకుండా కూడా ఉంటుంది. జింక్ ఉన్న సన్‌స్క్రీన్ ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, అక్కడ ఖరీదు.

రాత్రి బీచ్ పార్టీకి వెళ్లినా వెళ్లకపోయినా తిరిగొచ్చే టుక్‌టుక్ ముందే మాట్లాడుకోండి. లేదా పిక్‌మీ యాప్‌లో బుక్ చేయండి. చీకట్లో ఒడ్డు వెంట నడుచుకుంటూ రావద్దు. మాతో వచ్చిన ఒకమ్మాయి వెనక ఎవరో చాలాదూరం నడిచారు, ఏమీ కాలేదు గానీ ఆ భయం వారమంతా పోలేదు.

వీలైతే ఆడవాళ్లకి మాత్రమే పెట్టే వారాలు ఉన్నాయి, అడగండి. అరుగం బేలో 2018లో ఊరి అమ్మాయిలు కలిసి సొంతంగా క్లబ్ పెట్టుకున్నారు, శ్రీలంకలో ఆడవాళ్ల మొదటి సర్ఫ్ క్లబ్ అదే. ఇంట్లో ఒప్పించుకుని, పిల్లల్ని ఒడ్డున కూర్చోబెట్టి నీళ్లలోకి దిగిన తల్లులు కూడా ఉన్నారు వాళ్లలో. అది చదివాకే నేను టికెట్ కొన్నా.

అలలపిల్ల
గీతక్కా, చాలా థాంక్స్. టుక్‌టుక్ సంగతి అమ్మకి చూపిస్తా, పర్మిషన్ సులువవుతుంది.

పప్పుచారు
పక్కదారి ప్రశ్న. మనకి ఇంత పొడుగు తీరం ఉంది కదా, వైజాగ్‌లో ఇలాంటి క్యాంపు ఎందుకు లేదు?

విశాఖ_తీరం
సర్ఫింగ్ నేర్పేవాళ్లు రుషికొండ వైపు ఉన్నారు. వారం రోజులు ఉండి, తిని, నేర్చుకునే చోటు మాత్రం నేను చూడలేదు. పైగా వైజాగ్‌లో ప్రతిచోటా దిగకూడదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లోతు, లాగే ప్రవాహం. అక్కడ మునిగిపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. తెలిసినవాళ్లు లేకుండా బోర్డు పట్టుకుని దిగొద్దు.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, చెన్నై_తెలుగోడు గారు చెప్పిన కోవళం కుర్రాళ్లలాంటివాళ్లు మన జాలారిపేటలో, భీమిలిలో ఎంతమంది లేరు? పుట్టిన దగ్గర్నుంచీ సముద్రంతోనే బతుకు. నాలుగు బోర్డులు, ఒక మంచి శిక్షణ, లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్ ఇప్పిస్తే వాళ్లు నేర్పుతారు, ప్రాణాలు కూడా కాపాడతారు. వేటకి నిషేధం ఉన్న ఏప్రిల్ నుంచి జూన్ మధ్య రెండు నెలలు వాళ్లకి పని ఉండదు. శిక్షణకైనా ఆ రెండు నెలలు వాడుకోవచ్చు కదా.

చెన్నై_తెలుగోడు
ఇది వేరే టాపిక్‌గా పెట్టండి గురూ, కోవళం వాళ్లతో మాట్లాడి నేనూ రాస్తా. ఇక్కడ మునిగిపోతుంది.

విశాఖ_తీరం
పెడతా, ఈ ఆదివారమే.

దక్షిణతీరం
అలలపిల్ల గారికి ఇంకొకటి. పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ పోయ, సెలవు రోజు. ఆ రోజు మద్యం అమ్మరు. ఊళ్లో అందరూ తెల్లబట్టలు కట్టుకుని గుడికి వెళ్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్తే మనల్నీ ఆదరిస్తారు. మీరు పోయ కలిసేలా బుక్ చేసుకుంటే కనీసం ఒక రాత్రి మీకు నచ్చినట్టు ఉంటుంది.

కాకినాడ_డాక్టరమ్మ
మర్నాడు పొద్దున్న క్లాసుకి అందరూ టైముకి వస్తారు కూడా.

అలలపిల్ల
మొత్తం చెల్లికి చదివి వినిపించా. ఇదీ మా ప్లాన్: పౌర్ణమి కలిసేలా, వెలిగామలో ఒక కుటుంబం నడిపే చోటు. దక్షిణతీరం గారి రెండు ప్రశ్నలూ మూడు చోట్లకి పంపించా. ఒకరు "మా వైబ్ చూస్తే మీరే వస్తారు" అన్నారు, అక్కడితో సరి. ఇంకొకరు ఇంతవరకు పలకలేదు. మూడోవాళ్లు "ఆరుంపావుకి, ముగ్గురికి ఒకరు, మంగళవారం వంట, గురువారం వీడియో" అని రాశారు. అడ్వాన్స్ కట్టేస్తున్నా. మిడిగామ ఈసారికి ఒడ్డు నుంచి చూస్తాం.

ఇంక ఒక్క డౌటు. కొలంబో నుంచి రైలా, కారా?

గుంటూరు_గీత
వెళ్లేటప్పుడు కారు. విమానం దిగిన అలసటలో ఎక్స్‌ప్రెస్‌వే మీద మూడు గంటల్లోపు చేరతారు. వచ్చేటప్పుడు రైలు. సముద్రం పక్కనే పోతుంది. కొలంబో వైపు వచ్చే బండిలో ఎడమ చేతి కిటికీ పట్టుకోండి. దారిలో గాలే అనే ఊళ్లో కోట చూడాలంటే అక్కడ దిగి సాయంత్రం బండి ఎక్కొచ్చు.

కోనసీమ_కొబ్బరి
మంగళవారం వంటకి కోరు పీట తెస్తే నా పద్ధతి చెల్లికి నేర్పించి పంపండి. ఆవకాయ చిన్న సీసాలో కాకుండా పెద్దదాంట్లో తీసుకెళ్లండి, మూత మాత్రం టేపు వేసి గట్టిగా బిగించండి.